రక్తం పట్టని పిల్లలు



నాకు పని నేర్పిన వైద్యుణ్ణి మేమంతా పెద్ద డాక్టరుగారనే పిలిచేవాళ్ళం. ఆయన దగ్గర నేను చేరిన మొదటి వారంలోనే ఒక పాఠం చెప్పారు. కేసు షీటులో 'ప్రధాన బాధ' అని ఒక గడి ఉంటుంది. అందులో మేము కొత్తగా చదువుకున్న ఇంగ్లీషు మాటలు రాసేవాళ్ళం. ఆయన వాటిని కొట్టేసి, తల్లి ఏమందో ఆ మాట తెలుగులో రాయమనేవారు. "అన్నం సయించడం లేదు." "దొంగచాటుగా బియ్యం బుక్కుతోంది." "నాలుగు మెట్లెక్కితే ఆయాసం." "టానిక్కు పోస్తున్నా రక్తం పట్టడం లేదు." ఈ చివరి మాట గురించే ఈ సాయంత్రం మాట్లాడదామని వచ్చాను.

రక్తం పట్టడం అన్న మాటను మన తల్లులు చాలా తూచి వాడతారు. పూత పిందె పట్టింది అన్నట్టే ఇదీను. నీళ్ళు పోసినంత మాత్రాన పూత అంతా పిందె కాదని రైతుకు తెలుసు. మందు పోసినంత మాత్రాన రక్తం పట్టదని తల్లికి తెలుసు. మాకు మాత్రం ఆ రోజుల్లో పోయడం ఒక్కటే తెలుసు. ఇనుము తక్కువైంది, ఇనుము ఇవ్వండి అని పుస్తకం చెప్పింది, ఇచ్చాం. ఇచ్చిన ఇనుము ఒంట్లోకి ఎందుకు చేరడం లేదు అన్న ప్రశ్న నా ఎదుటికి ఒక పిల్ల రూపంలో వచ్చేదాకా నేను దాని గురించి ఆలోచించలేదు.

పాతికేళ్ళ కిందటి సంగతి. పదకొండేళ్ళ పిల్ల. ఇంకా పెద్దమనిషి కాలేదు. హిమోగ్లోబిన్ 7. గోళ్ళు గుంటలు పడి, మీద నీటి బొట్టు వేస్తే జారకుండా నిలిచేటట్టు ఉన్నాయి. అప్పటికే ఆ పిల్లకు ఐరన్ టానిక్కు మూడు నెలలు వాడితే 9కి వచ్చింది. ఆపిన నాలుగు నెలలకు మళ్ళీ పాత చోటికే దిగింది. నులిపురుగుల మాత్ర రెండుసార్లు వేశాం. మలపరీక్షలో కొంకిపురుగు గుడ్లు లేవు. నేను విసుగుతో ఆ తల్లిని గద్దించాను. "మందు సరిగ్గా పోస్తున్నావా, పారబోస్తున్నావా?" అన్నాను. ఆమె బదులు చెప్పలేదు. తరువాతి వారం వచ్చినప్పుడు గుడ్డసంచిలోంచి కడిగి ఆరబెట్టిన ఖాళీ సీసాలు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. ఐదు సీసాలు. ఇవాళ్టికీ ఆ సీసాలు తలుచుకుంటే నా తల వంగిపోతుంది.

పిల్లను నగరానికి పంపి ఎండోస్కోపీ చేయించాం. జీర్ణాశయం అడుగు భాగమంతా గులకరాళ్ళు పరిచినట్టు బొడిపెలు. అక్కడి నుంచి తీసిన చిన్న ముక్కలో మెలికలు తిరిగిన బాక్టీరియా కనిపించింది. రెండు వారాలు దానికి మందులు, ఆ పైన మళ్ళీ అదే ఐరన్ టానిక్కు. ఏడాది తిరిగేసరికి హిమోగ్లోబిన్ 12. టానిక్కు మారలేదు, పోసిన చెయ్యి మారలేదు.

ఒక్క పిల్ల కథ రుజువు కాదని పెద్ద డాక్టరుగారు అప్పుడే హెచ్చరించారు. కనుక ఆ కథను అక్కడే ఉంచి, ఇనుము మన ఒంట్లోకి ఎలా వస్తుందో ముందు చూద్దాం.

పెరిగిన మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా పోగేస్తే 3, 4 గ్రాములు ఉంటుంది. ఒక చిన్న మేకుకు సరిపోతుంది. ఒళ్ళు దాన్ని లోభి ధనం దాచుకున్నట్టు దాచుకుంటుంది. పాత రక్తకణాలు చచ్చిపోతే వాటిలోని ఇనుమును మళ్ళీ వాడుకుంటుంది. బయటి నుంచి పెద్దవాళ్ళు రోజుకు తీసుకునేది 1, 2 మిల్లీగ్రాములే. పిల్లల సంగతి వేరు. వాళ్ళు పెరుగుతున్నారు, పెరిగే ప్రతి అంగుళానికీ కొత్త రక్తం కావాలి. తల్లి కడుపులో ఉండగా దాచుకున్న ఇనుము సుమారు ఆరు నెలలకు కరిగిపోతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. అక్కడి నుంచి పిల్ల తినే తిండే ఆధారం. మళ్ళీ పదేళ్ళు దాటి ఒళ్ళు ఒక్కసారిగా సాగే వయసులో, ఆడపిల్లలకైతే నెలసరి మొదలయ్యే వయసులో, అవసరం ఒక్కసారిగా పెరుగుతుంది.

మన తిండిలోని ఇనుము ఎక్కువగా ధాన్యంలో, పప్పుల్లో, ఆకుకూరల్లో ఉన్న ఇనుము. అది మాంసంలోని ఇనుములాగా తేలిగ్గా ఒంటబట్టదు. ముందు కరగాలి, ఆ తరువాత రూపం మార్చుకోవాలి. ఇనుప మూకుడులో చింతపండు పులుసు కాచిన ఇల్లాలికి ఈ రసాయన శాస్త్రం నేను చెప్పనక్కర్లేదు. పులుపు తగిలితే ఇనుము పులుసులోకి దిగుతుంది. కడుపులో ఆ పులుపు పని చేసేది జీర్ణాశయంలో ఊరే ఆమ్లం. దానికి తోడు విటమిన్ సి. ఉసిరికాయలో, జామపండులో, నిమ్మరసంలో ఉన్న ఆ విటమిన్‌ను మన జీర్ణాశయం గోడ కూడా తన రసంలోకి విడుదల చేస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఆమ్లం, విటమిన్ సి కలిసి ఇనుమును సిద్ధం చేస్తే, జీర్ణాశయం దాటిన వెంటనే వచ్చే చిన్నపేగు మొదటి జానెడు భాగం దాన్ని పీల్చుకుంటుంది. అంటే ఇనుము లోపలికి వెళ్ళే వాకిలి పేగులో ఉన్నా, తాళంచెవి జీర్ణాశయంలో ఉంది.

ఆ జీర్ణాశయంలోనే మన బాక్టీరియా కాపురం. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరీ. అంత ఆమ్లంలో ఏ జీవీ బతకదని వైద్యలోకం చాలాకాలం నమ్మింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టు 1979లో జీర్ణాశయపు ముక్కల్లో ఈ మెలికల బాక్టీరియాను గమనించి పట్టు విడవకుండా వెతికాడు. బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశాడు. ఎన్నిసార్లు పెంచబోయినా అది పెరగలేదు. 1982 ఈస్టర్ సెలవుల్లో ప్రయోగశాల వాళ్ళు పళ్ళేలను ఎప్పటికంటే ఎక్కువ రోజులు వదిలేస్తే అప్పుడు పెరిగింది. మార్షల్ 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్న కథ మీరు వినే ఉంటారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. అల్సర్ల చరిత్ర అక్కడితో మారింది. కానీ ఆ చరిత్ర పెద్దవాళ్ళ చుట్టూనే తిరిగింది. ఈ బాక్టీరియా కడుపులో చేరేది మాత్రం ఎక్కువగా చిన్నతనంలో, చాలామందికి ఐదేళ్ళ లోపే. చేరాక, మందు పడితే తప్ప మామూలుగా జీవితాంతం వదలదు. చాలామంది పిల్లలకు ఏ నొప్పీ ఉండదు, ఏ వాంతీ ఉండదు.

అది ఆమ్లంలో బతకడానికి వాడే ఉపాయం యూరియేజ్ అనే ఎంజైము. యూరియాను విరిచి అమోనియా చేసుకుంటుంది. తన చుట్టూ ఆమ్లాన్ని ఆ అమోనియాతో చప్పబరుచుకుని, జీర్ణాశయం గోడ మీది జిగట పొర కిందికి దూరుతుంది. గోడ వాస్తుంది. ఆ వాపు కొందరు పిల్లల్లో ఆమ్లం ఊరడాన్నే తగ్గిస్తుంది. జీర్ణాశయ రసంలో విటమిన్ సి కూడా తగ్గుతుంది. ఇందాక చెప్పిన తాళంచెవి తుప్పు పట్టేది ఇక్కడే. కొందరిలో వాచిన గోడ నుంచి రక్తం చుక్కచుక్కగా చెమరుస్తుంది. మలంలో ఎర్రగా కనిపించేంత ఉండదు, కానీ ఏళ్ళ తరబడి పోతూనే ఉంటుంది. బాక్టీరియాకూ ఇనుము కావాలి, అది తన వాటా లాక్కుంటుంది. ఇవన్నీ కాక, ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువ చేసి పేగు వాకిలి మూయగలదు. సూక్ష్మజీవులకు ఇనుము దొరక్కుండా ఒళ్ళు చేసుకునే ఏర్పాటు అది. పైలోరీ ఉన్న పిల్లల్లో ఏ దారి పాత్ర ఎంతన్నది పరిశోధకులు ఇంకా తేలుస్తున్నారు. 

ఈ సంబంధాన్ని పిల్లల్లో మొదట గుర్తించిన కేసుల్లో ఒకటి బెల్జియంలో, 1991లో. పదిహేనేళ్ళ అమ్మాయి పదేపదే స్పృహ తప్పి పడిపోతుంటే వెతికారు. తీవ్రమైన రక్తహీనత, జీర్ణాశయంలో పైలోరీ వల్ల రక్తం ఓడే వాపు. బాక్టీరియాను తొలగించాక రక్తహీనత నయమైంది. 1999లో దక్షిణ కొరియాలో చో బృందం కౌమారంలో ఉన్న పిల్లలను చిన్న చిన్న జట్లుగా చేసి చూసింది. ఇనుముతో పాటు బాక్టీరియాకు మందు ఇచ్చిన వాళ్ళలో హిమోగ్లోబిన్ బాగా పెరిగింది. మనకు దగ్గరగా కలకత్తాలో 2005లో వెలువడిన పరిశీలన ఒకటుంది. దాన్ని నడిపిన దిలీప్ మహలనబీస్ గారు 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో ఉప్పు, గ్లూకోజు నీళ్ళతో కలరా రోగుల ప్రాణాలు నిలిపిన మనిషి. పదేళ్ళలోపు పిల్లలకు ఎనిమిది వారాలు ఇనుము ఇచ్చి చూస్తే, బాక్టీరియా లేని పిల్లల కంటే ఉన్న పిల్లల్లో హిమోగ్లోబిన్ తక్కువగా పెరిగింది. తల్లి చెప్పే 'పట్టడం లేదు' అన్న మాటకు అంకెల్లో సాక్ష్యం దొరికిందని ఆ వ్యాసం చదివిన రోజున నాకు సంతోషం కలిగింది.

ఆ సంతోషంతోనే నేను ఆగిపోయి ఉంటే పొరపాటు చేసి ఉండేవాణ్ణి. ఇప్పుడు మిమ్మల్ని అలాస్కాకు తీసుకువెళతాను.

అలాస్కా పశ్చిమ తీరంలో యూపిక్ ప్రజల పల్లెలు ఉన్నాయి. వాళ్ళ తిండి చేపలు, సీల్ మాంసం. ఒంటికి తేలిగ్గా పట్టే ఇనుము వాళ్ళు తినేటంత మనం కలలో కూడా తినం. అయినా తరతరాలుగా అక్కడ ఇనుము లోపం ఎక్కువ. తిండిలో లోటు లేదు, మరి ఇనుము ఎటు పోతోంది? రే యిప్ అనే వైద్యుడి బృందం 1997లో జవాబు ప్రచురించింది. అక్కడి పెద్దవాళ్ళలో పది మందిలో తొమ్మిది మందికి మలంలో కంటికి కనిపించని రక్తం మామూలు కంటే ఎక్కువగా పోతోంది. ఎండోస్కోపీ చేసినవాళ్ళలో ఇంచుమించు అందరికీ జీర్ణాశయం వాచి ఉంది, ఇంచుమించు అందరిలోనూ పైలోరీ ఉంది. ఆ తరువాత బడిపిల్లలను చూస్తే 86 శాతం మందికి బాక్టీరియా ఉందని, 38 శాతం మందికి ఇనుము లోపం ఉందని 2006లో తేలింది.

ఇంత స్పష్టంగా కనిపించినప్పుడు ఎవరైనా ఏమనుకుంటారు? అందరికీ మందు ఇచ్చేస్తే సరి అనుకుంటారు. అక్కడి వైద్యులు అలా చేయకుండా పరీక్షకు పెట్టారు. అందుకు వాళ్ళకు నమస్కరించాలి. ఇనుము లోపం, బాక్టీరియా రెండూ ఉన్న 7 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 219 మందిని తీసుకుని, సగం ఇళ్ళకు ఇనుము మాత్రమే ఇచ్చారు, సగం ఇళ్ళకు ఇనుముతో పాటు రెండు వారాల యాంటీబయాటిక్ చికిత్స ఇచ్చారు. పద్నాలుగు నెలల తరువాత చూస్తే చికిత్స పొందినవాళ్ళలో 65 శాతం మందికి, పొందనివాళ్ళలో 72 శాతం మందికి ఇనుము లోపం అలాగే ఉంది. ఆ తేడాను తేడా అని చెప్పడానికి లేదు. నిరాశే. చాలామంది పిల్లల్లో బాక్టీరియా పూర్తిగా పోలేదు, పోయినవాళ్ళలో కొందరికి మళ్ళీ వచ్చింది. కానీ ఆ బృందం పిల్లలను వదిలేయలేదు. నలభై నెలల దాకా వెంట ఉండి చూసింది. ఏడాదికి పైగా బాక్టీరియా లేకుండా ఉన్న పిల్లల్లో ఇనుము లోపం కొంత తగ్గింది, ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనత చాలా తగ్గింది. 2009లో అచ్చయిన ఆ ఫలితం నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో విలువైనది. వాచిన గోడ మానడానికీ, ఖాళీ అయిన గాదె నిండడానికీ ఏళ్ళు పడుతుంది. పద్నాలుగు నెలల దగ్గర పుస్తకం మూసేసి ఉంటే ఇది తెలిసేది కాదు.

ఢాకా ఫలితం ఇంకా కష్టమైనది. 2008లో సర్కార్ బృందం ప్రచురించిన పరిశీలనలో పిల్లల వయసు 2 నుంచి 5 ఏళ్ళు. బాక్టీరియా, రక్తహీనత రెండూ ఉన్న 200 మందిని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకు రెండు మందులూ, ఒక జట్టుకు బాక్టీరియా మందు మాత్రమే, ఒక జట్టుకు ఇనుము మాత్రమే, మరొక జట్టుకు ఏ మందూ లేని మాత్రలు. ఇనుము తీసుకున్న పిల్లలు బాక్టీరియా ఉన్నా లేకపోయినా బాగుపడ్డారు. బాక్టీరియాకు మాత్రమే మందు తీసుకున్నవాళ్ళు ఆ తరహాలో బాగుపడలేదు. ఆ వయసు పిల్లల్లో ఈ బాక్టీరియా రక్తహీనతకు కారణం కాదని, ఇనుము పని చేయకపోవడానికీ కారణం కాదని వాళ్ళు తేల్చి చెప్పారు.

కలకత్తా ఒక మాట, ఢాకా ఒక మాట చెప్పినప్పుడు మనకు నచ్చిన మాటను పట్టుకుని రెండోదాన్ని దాచడం వైద్యుడు చేయదగిన పని కాదు. నాకు అర్థమైనంతలో చెబుతాను, ఇది నా అభిప్రాయం. మూడేళ్ళ పిల్లకు తిండిలోనే ఇనుము లేదు. కుండలో నీళ్ళే పోయనప్పుడు చిల్లి సంగతి తెలియదు, నీళ్ళు పోస్తే చిల్లి ఉన్నా కొంత నిండుతుంది. అదే పదకొండు, పన్నెండేళ్ళ పిల్లకు బాక్టీరియా చేరి ఏళ్ళు గడిచాయి, వాపు ముదిరింది, ఒళ్ళు సాగుతోంది, నెలసరి మొదలవుతోంది. అప్పుడు చిన్న చిల్లి కూడా కుండను ఖాళీ చేస్తుంది. బెల్జియం అమ్మాయిది, కొరియా పిల్లలది, నా దగ్గరికి వచ్చిన పిల్లది అలా ఎదిగే వయసే. ఈ బాక్టీరియా ఉన్న పిల్లలందరికీ రక్తం తగ్గదు. ఉన్నవాళ్ళలో కొందరికి, కొన్ని వయసుల్లో, ఇది దొంగలా పనిచేస్తుంది. ఆ కొందరిని పట్టుకోవడమే మన పని.

మన ప్రాంతం సంగతికి వస్తే, 1991లోనే హైదరాబాదు పరిసరాల్లో పేద కుటుంబాల వాళ్ళ రక్తాన్ని పరీక్షించిన ఒక అధ్యయనం వచ్చింది. మూడేళ్ళ వాళ్ళ నుంచి డెబ్భై ఏళ్ళ వాళ్ళ దాకా చూశారు. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి 80 శాతానికి పైగా మందికి ఈ బాక్టీరియా సోకిన గుర్తులు ఉన్నాయి. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2007లో భారతీయుల కడుపుల్లోని పైలోరీ జన్యువులను చదివి, వాటి మూలాలు యూరప్ రకాలతో కలుస్తాయని చూపించారు. మనుషులు వలసపోయిన దారుల్లోనే ఇదీ వేల ఏళ్ళుగా కడుపులో కూర్చుని ప్రయాణించింది. ఇంత పాత చుట్టాన్ని రెండు వారాల మాత్రలతో దేశం నుంచి వెళ్ళగొట్టగలమనుకోవడం తెలివి కాదు. పైగా మన దేశంలో ఆరు చోట్ల సేకరించిన బాక్టీరియా మీద 2003లో చేసిన పరీక్షల్లో, నాలుగింట మూడు వంతులు మెట్రోనిడజోల్‌కు లొంగలేదు. విరేచనాలకు, పంటినొప్పికి, దేనికి పడితే దానికి మనం ఆ మందు మింగిన ఫలితం అది.

రక్తానికీ కడుపుకీ ముడిపడిన ఈ కథలో, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టకుండా పేగు మొరాయించే జబ్బు అది, రక్తహీనత దాని లక్షణాల్లో ఒకటి. ఆ దుఃఖాన్ని మోసుకుని అమెరికా వెళ్ళిన మనిషి లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించాడు. ఇవాళ మన ప్రాథమిక పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే గులాబీ రంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ మాత్ర పిల్లల చేతిలో పెట్టే ప్రతి టీచరుకూ ఈ సంగతి తెలిసి ఉండాలని నా కోరిక. రక్తంలో కనిపించే జబ్బుకు వేరు కడుపులో ఉండవచ్చని మన తెలుగువాడి ఇల్లు ఎంతో మూల్యం చెల్లించి తెలుసుకుంది.

ఆ మాత్రల కార్యక్రమాన్ని నేను తక్కువ చేయడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఆ సర్వేలో వేలి చివర చుక్కతో చేసే పరీక్ష ఎక్కువ చూపిస్తుందన్న వాదన ఉంది. 2016-18లో నరం నుంచి రక్తం తీసి చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 41 శాతం, ఇనుము లోపం 32 శాతం. తక్కువ అంకెనే నమ్మినా అది చిన్నదేమీ కాదు. ఈ పిల్లల్లో ఎక్కువమందికి కావలసింది తిండి, ఇనుము, నులిపురుగుల మాత్ర. వాటితోనే వాళ్ళు బాగుపడతారు. వాళ్ళ కడుపుల్లో బాక్టీరియా కోసం వెతకనక్కర్లేదు.

వెతకవలసింది ఎవరిలో? టానిక్కు సరిగా పోసినా రెండు, మూడు నెలలకు రక్తం పెరగని పిల్లలో, పెరిగి మళ్ళీ మళ్ళీ దిగిపోయే పిల్లలో. వాళ్ళలో కూడా ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. ఏడాదిన్నర పిల్లాడికి అన్నం మానిపించి పూటకో సీసా బర్రెపాలు పట్టిస్తున్నారా? భోజనంతో పాటు టీ ఇస్తున్నారా? నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా? తలసీమియా లక్షణం ఉన్న పిల్లలకు ఎంత ఇనుము పోసినా హిమోగ్లోబిన్ పెరగదు, వాళ్ళలో ఒంట్లో దాచిన ఇనుమును చూపే ఫెరిటిన్ మామూలుగానే ఉంటుంది. ఇవన్నీ కాదని తేలాక అప్పుడు జీర్ణాశయం వైపు చూడాలి. యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్య సంఘాల సూచన కూడా ఇదే. రక్తహీనతకు మొదటి పరీక్షల్లోనే పైలోరీ పరీక్ష చేయవద్దని, వేరే కారణాలు లేవని తేలి, ఇనుముకు లొంగని రక్తహీనతకు ఎండోస్కోపీ చేసేటప్పుడు దాన్ని కూడా చూడవచ్చని.

రక్తంలో యాంటీబాడీలు చూసే కార్డు పరీక్షను పిల్లల్లో నమ్మవద్దు. ఒకప్పుడు సోకిందా, ఇప్పుడు ఉందా అన్నది అది చెప్పలేదు. మలంలో యాంటీజెన్ పరీక్ష, కార్బన్ 13 యూరియా తాగించి ఊపిరిని సంచిలో పట్టే పరీక్ష నమ్మదగినవి. చికిత్స తరువాత బాక్టీరియా పోయిందో లేదో చూడడానికి అవే వాడతాం. ఊపిరి పరీక్షలో ఆరేళ్ళలోపు పిల్లలకు పొరపాట్లు వస్తాయి కనుక జాగ్రత్త అవసరం. చికిత్స మొదలుపెడితే 14 రోజులు పూర్తిగా, ఒక్క పూట తప్పకుండా వాడాలి. నాలుగు రోజులు వాడి ఆపడం అసలు వాడకపోవడం కంటే చెడ్డది.

ఇంకొక మాట మందుల షాపుల గురించి. కడుపునొప్పి అన్న ప్రతి పిల్లకూ నెలల తరబడి గ్యాస్ మాత్ర ఇచ్చే అలవాటు మన ఊళ్ళలో పాకిపోయింది. ఆ మాత్ర ఆమ్లాన్ని ఆపుతుంది. ఆమ్లం లేకపోతే ఇనుము కరగదని ఇందాక చెప్పుకున్నాం. రక్తం లేని పిల్లకు ఒక చేత్తో ఇనుము, మరొక చేత్తో గ్యాస్ మాత్ర ఇచ్చిన చీటీలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. దయచేసి ఆ పని చేయకండి.

మందులతో గెలవలేని దాన్ని నీళ్ళతో గెలిచిన దేశాలు ఉన్నాయి. జపాన్‌లో 1950కి ముందు పుట్టినవాళ్ళలో ఈ బాక్టీరియా విపరీతంగా ఉండేది. యుద్ధం తరువాత శుభ్రమైన నీళ్ళు, మురుగు కాల్వలు, విశాలమైన ఇళ్ళు వచ్చాక పుట్టిన తరాల్లో అది దానంతటదే తగ్గుతూ పోయింది. పెరూలోని లీమా నగరంలో 1991లో పిల్లలను పరీక్షించినప్పుడు డబ్బున్న ఇళ్ళ పిల్లలకు కూడా బాక్టీరియా కనిపించింది, వాళ్ళు తాగేది నగరపాలక సంస్థ నీళ్ళు కావడమే అందుకు కారణమని పరిశోధకులు అనుమానించారు. హైదరాబాదులో 2007లో అచ్చయిన పరిశీలన కూడా తాగునీటి తీరుకూ, ఇరుకు ఇళ్ళకూ దీనికీ సంబంధం చూపించింది. ఇంట్లో తల్లి నుంచి, తోబుట్టువుల నుంచి పిల్లలకు చేరుతుంది. అన్నం నమిలి పిల్ల నోట్లో పెట్టే అలవాటు మాన్పించండి. అయితే ఆ తల్లిని నిందించవద్దు. ఒకే గదిలో ఏడుగురు పడుకునే ఇంట్లో ఆమె చేతిలో ఉన్నది చాలా తక్కువ.

నన్ను ఇక్కడికి పిలిచినవాళ్ళు చివర్లో ఏదైనా కోరుకోమన్నారు. రెండు కోరుకుంటాను. ప్రతి జిల్లా ఆసుపత్రి ప్రయోగశాలలో ఫెరిటిన్ పరీక్ష, మలంలో పైలోరీ యాంటీజెన్ పరీక్ష ఉచితంగా చేసే ఏర్పాటు ఉండాలి. ఆ రెండూ లేకే నా దగ్గరికి వచ్చిన పిల్ల ఏడాది పాటు నీరసించింది. రెండోది ఇక్కడున్న విద్యార్థులకు. తల్లి ఖాళీ సీసాలు మోసుకు వచ్చి చూపించేదాకా ఆగకండి. ఆమె చెప్పిన మాట ఆమె చెప్పినట్టే కేసు షీటులో రాసి, కింద తేదీ వేయండి.